పెరటి కుంటకు చేపలు, పక్క మడుగుకు కప్పలు: రోహిణి నుంచి విశాఖ దాకా

రోహిణి కార్తె

హనుమకొండ శివారులోని మా ఇంటి పెరట్లో తవ్వించిన కుంట నీళ్లు నింపడానికి సిద్ధమైంది. దీని పొడవు 14 అడుగులు, వెడల్పు 10 అడుగులు. అంచు వెంట అడుగు లోతున వెడల్పాటి మెట్టు ఉంది, నడుమ మూడున్నర అడుగుల లోతు ఉంది. నిండితే సుమారు 10,000 లీటర్లు పడుతుంది. మాది చెల్క నేల కాబట్టి పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతుంది. అందుచేత రైతులు పొలాల్లో నీటి కుంటలకు వాడే 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటును పరిచి, దాని మీద రాళ్లు ఏరిన రేగడి మట్టిని నాలుగు అంగుళాల మందాన పోయించాను. సిమెంటు తొట్టి కడితే పది కాలాలు ఉంటుందని మేస్త్రీ చెప్పిన మాట నిజమే. అయితే కొత్త సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి క్షారగుణాన్ని బాగా పెంచుతుంది. అరటి బోదెలు నరికి వేసి, నీటిని మళ్లీ మళ్లీ మార్చి, కొన్ని వారాలు నానబెట్టిన తరువాత గానీ ఆ తొట్టి చేపకు పనికిరాదు. వానాకాలం ముంగిట్లో అంత వ్యవధి నాకు లేదు.

నింపడానికి బోరు నీరు వాడాను. భూగర్భం నుంచి వచ్చే నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి గొట్టాన్ని కుంటలో ముంచకుండా ఎత్తుగా కట్టి, నీరు ఒక బండ మీద పడి చెదిరేలా ఏర్పాటు చేశాను. నల్లా నీరు వాడేవారు అందులోని క్లోరిన్ పోయేవరకు ఒకటి రెండు రోజులు ఆరుబయట నిలవ ఉంచాలి. మెట్టు మీద తుంగ, రెండు కుండీల కలువ, నడుమ లోతులో హైడ్రిల్లా నాటాను. గుర్రపుడెక్క పువ్వు చూడముచ్చటగా ఉంటుందని ఒకరు తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాను. చెరువులకు చెరువులను కప్పేసిన మొక్కను పెరట్లోకి పిలవడం నాకు ఇష్టం లేదు.

ఇక అసలు విషయం, ఈ నీటిలో ఏం వేయాలన్నది. చేప పిల్లలు అమ్మే చోట నా కుంట కొలతలు విని, బొచ్చె, రవ్వ, మోసు కలిపి 200 పిల్లలు వేయవచ్చన్నారు. ఈ మూడింటినీ కలిపి పెంచే పద్ధతి మనకు బాగా అలవాటైనదే. బొచ్చె పైపొరలో, రవ్వ నడుమ, మోసు అడుగున మేస్తాయి కనుక చెరువులో ఎక్కడి మేతా వృథా కాదు. కానీ ఆ పద్ధతిలో ఎకరానికి వేసే పిల్లలు సుమారు 2,000 మాత్రమే. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. నా కుంట 140 చదరపు అడుగులు. ఆ లెక్కన నా నీటికి వచ్చే వాటా ఆరు పిల్లలు, మహా అయితే ఏడు. పైగా మంచి చెరువులో బొచ్చె ఏడాదిలో కిలో తూగుతుంది. అంత చేపను మూడున్నర అడుగుల గుంటలో తిప్పడం దానికి శిక్షే. కాబట్టి నా కుంటలోకి వచ్చేవి పెద్దయినా వేలెడంత దాటని మన చిన్న చేపలే.

రెండో నిర్ణయం కప్పల గురించి. కప్ప గుడ్లనూ తోకకప్పలనూ చేపలు తింటాయి. చిన్న చేప కూడా తన నోటికి పట్టినంత తింటుంది. ఒకే నీటిలో రెండూ వర్ధిల్లాలనుకుంటే చివరకు మిగిలేది చేపలే. అందుకని పెరటి పల్లపు మూలలో, ఇంటి కప్పు మీది వాన నీరు వచ్చి పడే చోట, ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, అడుగు లోతుతో విడిగా ఒక మడుగు తవ్వించాను. దీనికి షీటు వేయలేదు. రేగడి మట్టిని తడిపి, కాళ్లతో తొక్కించి, అడుగునా పక్కలా మెత్తించాను. ఇది వానతో నిండాలి, చలికాలానికి ఎండాలి. ఏటా ఎండిపోయే నీటిలో చేప నిలవదు, మన కప్పలు తరతరాలుగా గుడ్లు పెట్టేది అలాంటి నీటిలోనే.

మృగశిర కార్తె

కార్తె ప్రవేశించినా చినుకు లేదు. కార్తె మొదటి రోజున ఊరంతా చేపలు వండుకుంది; మార్కెట్లో మన రాష్ట్ర చేప కొర్రమీను ధర అడిగే వీలు లేకుండా ఉంది. కొర్రమీను గట్టి చేప. గాలి పీల్చి బతకగలదు, తక్కువ నీటిలోనూ నిలుస్తుంది. పెరటి తొట్లలో పెంచి లాభం పొందినవారూ ఉన్నారు. అయితే అది వేటాడే జాతి. అది ఉన్న నీటిలో చిన్న చేపకూ కప్పకూ చోటుండదు, పైగా వాన రాత్రి గట్టు దాటి ఎగిరి పోగలదు. నా కుంటకు అది తగదు.

కుంట నీరు లేత ఆకుపచ్చకు తిరిగింది. గాజు గ్లాసులో ముంచి ఎండకు ఎత్తి చూస్తే గసగసాల కన్నా చిన్న ప్రాణులు కుదుపులతో పైకీ కిందికీ ఈదుతున్నాయి. ఇవి నీటి ఈగలు, చేప పిల్లలకు మొదటి తిండి. ఇవి పుట్టకముందే చేపలను వేస్తే మనం చల్లే మేత మీదే అవి బతకాలి, తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిని పాడు చేస్తుంది.

చేపలు లేని ఈ వ్యవధిలోనే దోమలకు అవకాశం. గుడ్డు నుంచి దోమగా లేవడానికి మన ఎండల్లో ఏడు నుంచి పది రోజులు చాలు. తెల్లని ప్లాస్టిక్ మగ్గుతో అంచుల వెంట నీటిని ముంచి చూస్తూ, లార్వాలు కనిపించిన చోట సన్నని వలతో తోడి గట్టు మీద ఆరబోస్తున్నాను. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే కాబట్టి, ఈ ప్రాంతంలో నీళ్లు నిలవ పెట్టేవాడు ఈ పనిని బద్ధకించకూడదని నా అభిప్రాయం.

దోమలకు గంబూసియా చేపలు వేయమని చాలామంది చెప్పారు, ఉచితంగా తెచ్చిస్తామని కూడా అన్నారు. ఉత్తర అమెరికాకు చెందిన ఈ చేపను 1928లో దోమల నివారణ కోసమే మన దేశానికి తెచ్చారు. అది లార్వాలను తింటుందన్నది నిజం. అయితే ఇతర చేపల గుడ్లను, పిల్లలను, తోకకప్పలను కూడా తింటుంది. గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కంటుంది కనుక వేగంగా పెరిగిపోతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది. మా పెరటి నీరు పొంగితే కాలువలో కలుస్తుంది, కాలువ చెరువులో కలుస్తుంది. ఆ చేపను నేను తాకను.

వానలు ఆలస్యం కావడంతో వాడ పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరిగారు. మా ఆవిడ బిందెడు నీళ్లు రోకలి మీద పోసి, బియ్యం పెట్టింది. ఆట అయ్యాక కప్పను మా కొత్త మడుగులో వదులుతామని పిల్లలు ముచ్చటపడ్డారు. పట్టిన చోటనే వదలమని బతిమాలి పంపాను. కప్పలను ఒక నీటి నుంచి మరో నీటికి మోయడం వల్ల వాటితో పాటు రోగాలూ ప్రయాణిస్తాయి. ఎన్నో దేశాల్లో కప్ప జాతులను తుడిచిపెట్టిన కైట్రిడ్ బూజు అలా పాకినదే. మడుగు బాగుంటే కప్పలు వాటంతట అవే వస్తాయి.

ఆరుద్ర కార్తె

కార్తె మొదట్లోనే కుండపోతగా కురిసింది. మర్నాడు పొద్దున గట్టు మీద ఎర్రని మఖమలు ముద్దల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయి, మడుగు నిండుగా ఉంది. ఆ రాత్రే కప్పలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేను. మా వాడలో ఎవరి పెరట్లోనూ నీరు లేదు. బావురుకప్పలు ఎండాకాలమంతా నేలలో, రాళ్ల కింద దాగి ఉండి మొదటి పెద్ద వానకు బయటపడతాయి. టార్చి వెలుగులో మగకప్పలు నిమ్మపండు పసుపులో మెరుస్తున్నాయి. అరిచినప్పుడల్లా గొంతుకు రెండు వైపులా నీలిరంగు బుడగలు ఉబ్బుతున్నాయి. మామూలు రోజుల్లో ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఉండే ఈ కప్ప పెళ్లికొడుకులా పసుపు పూసుకునేది ఈ కొద్ది రాత్రులే. ఒకప్పుడు ఇవే కప్పలను పొలాల్లో గోనె సంచులకు పట్టి, కాళ్లు విదేశాలకు పంపేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఈ అరుపును మా పెరట్లో వినగలిగినందుకు నాకు చాలా తృప్తిగా ఉంది. పక్కింటివారికి నిద్ర పట్టలేదని తెలిసి, వెళ్లి రెండు మూడు రాత్రులు ఓర్చుకోమని అడిగాను.

తెల్లవారి చూస్తే మడుగులో రెండు రకాల గుడ్లున్నాయి. బావురుకప్ప గుడ్లు నీటి మీద పలచని పొరలా పరచుకున్నాయి. గరుకు చర్మపు గోదురు కప్ప గుడ్లు మాత్రం తుంగ మొదళ్ల చుట్టూ రెండు పేటల నల్లపూసల దండలా చుట్టుకుని ఉన్నాయి. ఒక పోగును వేలితో కాస్త ఎత్తితే జిగురులో నల్లని చుక్కలు వరుస తప్పకుండా కనిపించాయి. తిరిగి అక్కడే వదిలేశాను.

చేపలను కూడా ఈ కార్తెలోనే తెచ్చాను. మా స్వగ్రామం చెరువు మీద మత్స్య సహకార సంఘంలో ఉన్న పెద్దాయనతో ముందే మాట్లాడి ఉంచాను. వలలో పడిన చిన్న పరిగెలను, మా వైపు పరకలనే వాటిని, ప్రాణంతో కావాలంటే ఆయన ఆశ్చర్యపోయాడు. "తినెటందుకు కొంటరు గని, పెంచెటందుకు పరకలు కొంటరా సారూ?" అన్నాడు. సంగతి వివరించాక మాత్రం ఎంతో శ్రద్ధగా, వల నుంచి చేత్తో తీయకుండా గిన్నెతో ముంచి, పొలుసు ఊడని వాటినే ఏరి ఇచ్చాడు. పరిగెలు ఇరవై, వాటితో పాటు నెత్తిన తెల్లని చుక్కతో నీటి పైపొరను అంటిపెట్టుకుని తిరిగే పాంచాక్స్ చేపలు పది. లార్వాలు గాలి కోసం పైకి వచ్చే చోటనే ఈ పాంచాక్స్ మేస్తుంది, దోమల పనికి గంబూసియా కన్నా నాకు ఇది నచ్చింది. ఇది ఇక్కడి నీటి చేప, అవసరానికి మించి పెరిగిపోదు.

తెచ్చినవాటిని నేరుగా కుంటలో వేయలేదు. వెడల్పాటి టబ్బులో, లీటరుకు 3 గ్రాముల చొప్పున రాళ్ల ఉప్పు కలిపిన నీటిలో వారం పాటు విడిగా ఉంచాను. ఇలా ఉంచితేనే రోగమూ పురుగూ బయటపడతాయి. ఒక పరిగె పదే పదే టబ్బు గోడకు ఒరుసుకుంటూ ఉండటంతో తడి గుడ్డలో పట్టి చూశాను. రెక్క మొదట్లో సబ్బుబిళ్ల పొరలాంటి, గుండ్రని, దాదాపు పారదర్శకమైన చేప పేను పొలుసు మీద పాకుతున్నది, రెండు నల్లని కంటి చుక్కలు లేకపోతే అది కనిపించేదే కాదు. చిమటాతో తీసేసి, మిగిలిన చేపలన్నింటినీ అలాగే పరీక్షించాను.

పునర్వసు కార్తె

చేపలు కుంటలో చేరాయి. సాయంత్రం ఎండ తగ్గాక, చేపలున్న బకెట్టును కుంట నీటిలో పావుగంట తేలనిచ్చి, తరువాత కుంట నీటిని చెంబుతో కొద్దికొద్దిగా బకెట్టులోకి పోసి, వేడిమీ గుణమూ సమానమయ్యాక ఒక వైపుకు వంచాను. అవి వాటంతట అవే ఈదుకుంటూ బయటికి వెళ్లాయి. మొదటి రెండు రోజులు హైడ్రిల్లా చాటు నుంచి బయటికి రాలేదు. మేత వేయలేదు, వేయదలచుకోలేదు కూడా.

ఆశ్లేష కార్తె

ముసురు పట్టి సూర్యుడు కనిపించని వారం ఇది. ఒక తెల్లవారుజామున పరిగెలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుంటూ తేలుతున్నాయి. చేపల చెరువుల రైతులకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. పగలు ఎండలో నాచు, నీటి మొక్కలు ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా దాన్ని పీల్చుకుంటాయి. మబ్బు రోజున విడుదల తగ్గి, వాడకం మాత్రం అంతే ఉండటంతో తెల్లవారే సరికి నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండవలసినది సగానికి పడిపోయినా చేపకు ఊపిరాడదు. వెంటనే బకెట్టుతో కుంట నీటినే తోడి, ఎత్తు నుంచి ధారగా తిరిగి పోస్తూ గంటసేపు ఉన్నాను. పొద్దెక్కే సరికి చేపలు కిందికి దిగాయి. పగలు హైడ్రిల్లాను మూడో వంతు మేర పీకేసి, చిన్న సౌర పలక మీద పనిచేసే గాలి పంపు ఒకటి అమర్చాను. రాత్రి కూడా నడిచేందుకు దానికి బ్యాటరీ ఉంది. చేపలు ఒక్కటీ చావలేదు. దీన్నిబట్టి మొక్కలు ఎంత ఎక్కువగా ఉంటే నీరు అంత ఆరోగ్యమనే మాట పగటికి మాత్రమే వర్తిస్తుందని కొత్తగా కుంట వేసేవారు గుర్తించాలి.

దోమల నివారణకు వాడకు వచ్చిన సిబ్బంది నూనె ఉండలు తెచ్చారు. నూనె పొర లార్వాలతో పాటు నీటి పైపొర మీద ఆధారపడిన ప్రతి ప్రాణికీ హాని చేస్తుంది. వారి ముందే మగ్గుతో కుంట అంచుల నుంచి, మడుగు నుంచి నీటిని ముంచి చూపించాను. కుంటలో ఒక్క లార్వా లేదు. మడుగులో ఒకటి రెండు ఉన్నా, వాటి పక్కనే తూనీగ పిల్లలు, వెల్లకిలా ఈదే నీటి నల్లులు ఉన్నాయి, అవే వాటి పని చూసుకుంటాయి. సిబ్బందికి సంగతి అర్థమై, మా ఎయిర్ కూలరు తొట్టిలో, మొక్కల కుండీల కింది పళ్లెంలో చూస్తామన్నారు. డెంగీ దోమ పెరిగేది నిజంగా అలాంటి చోట్లే. పళ్లెంలో లార్వాలు దొరికాయి, వెంటనే ఒంపేశాం.

మఖ కార్తె

మడుగులో తోకకప్పలు తగ్గిపోతున్నాయి, కానీ అది రోగం కాదు. బావురుకప్ప పిల్లలు మాంసాహారులు. బలమైన దవడలతో తోటి తోకకప్పలనే పట్టి తింటాయి. గోదురు కప్ప పిల్లలు నల్లగా గుంపులు గుంపులుగా తిరుగుతూ నాచు గీక్కుంటాయి. వాటి ఒంట్లోని విషపు గుణం వల్ల చాలా చేపలు వాటిని ముట్టవని చదివాను. నాలుగైదింటిని చేపల కుంటలో వదిలి చూడవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. మడుగులో వాటి బతుకు సాఫీగా ఉన్నప్పుడు ప్రయోగం పేరుతో కదిలించడం అనవసరమని చెప్పాను.

మడుగు మీదికి వంగిన జామకొమ్మకు కోడిగుడ్డు సొనను గిలకొట్టినట్టున్న తెల్లని నురగ గూడు ఒకటి కనిపించింది. ఇది చెట్టుకప్పది. గుడ్లు నురగలోనే పొదిగి, పిల్లలు కింది నీటిలోకి జారిపడతాయి. గూడు సరిగ్గా నీటి మీదే ఉండటం చూసి జామకొమ్మ నరకాలన్న ఆలోచన మానుకున్నాను.

ఎదిగిన కప్పపిల్లలు బయటికి రావడం మొదలైంది. గోరంత కప్ప, వెనక ఇంకా ఊడని తోక మొటిమ. వాటికి బయటికి వచ్చే దారి కావాలి. మడుగు గట్టు మట్టిది, ఏటవాలుది కనుక చిక్కు లేదు. చేపల కుంటలో మాత్రం షీటు నున్నగా జారుతుంది కాబట్టి, దారి తప్పి పడిన కప్పలు, తొండలు, ఉడుతలు ఎక్కి రావడానికి మూడు వైపులా గరుకు రాళ్లను మెట్లుగా పేర్చాను.

హస్త కార్తె

పాము వచ్చింది. కలువ ఆకుల మధ్య తల ఎత్తి ఉన్న నీరుకట్టె, ఒంటి మీద చదరంగపు గళ్లు. విషం లేనిది, కోపిష్టిది, పట్టబోతే కరుస్తుంది. రెండు పరిగెలను అది మింగడం చూశాను. లకుముకి పిట్ట కూడా జామకొమ్మ మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఇరుగుపొరుగు భయం సహజమే. కప్పలున్న చోటికి జెర్రిపోతు, ఒక్కోసారి నాగుపాము కూడా రావచ్చు, ఆ మాట దాచి కుంట తవ్వమని ఎవరికీ చెప్పకూడదు. కుంటకూ ఇంటి గడపకూ మధ్య పదిహేను అడుగుల నేలను గడ్డి లేకుండా శుభ్రంగా ఉంచుతున్నాం, రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు ఆ వైపు వేయడం లేదు, రాత్రి టార్చి లేకుండా ఎవరూ పెరట్లోకి వెళ్లడం లేదు. చిన్నపిల్లలు వచ్చే ఇల్లు కనుక లోతైన భాగం మీద, నీటికి అంగుళం కింద, ఇనుప జాలీని బిగించాను. చేపలకు అడ్డం కాదు, కాలు జారిన పిల్లవాడికి ఆధారం.

జాలీ సందుల్లో నుంచి కంటిరెప్ప వెంట్రుకంత పరిగె పిల్లలు గుంపుగా కనిపించాయి. పాము తిన్నవాటికి లోటు తీరిపోతుంది.

విశాఖ కార్తె

మడుగు ఎండుతున్నది. నడుమ అరచేతి వెడల్పు నీరు మిగిలింది, అందులో తోకకప్పలు లేవు, తూనీగ పిల్లల పొట్టు మాత్రం తుంగ కాడలకు అంటుకుని ఉంది. దానికి నీళ్లు పోయమని ఇంట్లో అడిగారు, పోయడం లేదు. ఎండనిస్తేనే వచ్చే ఏటికి అందులో చేప గానీ, కప్ప గుడ్లను తినే పెద్ద పురుగు గానీ మిగలదు. ఎండిన అడుగున పగుళ్లు తేలాక రేగడిని ఒకసారి తడిపి, పగుళ్లను మెత్తి వదిలేస్తాను.

చేపల కుంటలో రాలిన జామ ఆకులను వలతో తీశాను. అడుగున కుళ్లితే చలికాలపు మబ్బుల్లో మళ్లీ ప్రాణవాయువుకు ఎసరు వస్తుంది. మేత ఈ రోజు వరకు వేయలేదు, చేపలు నిగనిగలాడుతున్నాయి. పిల్లలతో కలిపి లెక్కకు మించి ఉన్నాయి కాబట్టి కొత్తగా ఏవీ తేను. ఎక్కువైతే తెచ్చిన చెరువుకే, అదే పెద్దాయన చేతికే తిరిగి ఇస్తాను. భద్రకాళి చెరువు దగ్గరే ఉంది కదా అని అందులో వదలను. వేసవిలో నీటి మట్టం ఎంత దిగుతుందో కొలవడానికి మెట్టు అంచున అంగుళాలు గీసిన వెదురు కర్ర ఒకటి పాతాను, ఆ కొలతలు చేతికి వచ్చాక నడిమి లోతును నాలుగున్నర అడుగులకు పెంచాలా అన్నది రోహిణి కార్తెకు ముందే తేల్చుకుంటాను.